గోదావరిలో మునిగిన జీపుకు ఎంత చెప్పాలి?

బండి సంగతులు: పాఠకుల ప్రశ్నలకు ఒక విశ్రాంత వర్క్‌షాపు ఫోర్‌మన్ జవాబులు

ప్రశ్న: ఫోర్‌మన్ గారికి నమస్కారం. మాది కుక్కునూరు మండలంలో ఒక ఊరు. నేను బడిలో లెక్కలు చెబుతాను. మా వీధిలో, వరసకు పెద్దమ్మ అయ్యే ఆవిడ పశువుల కొట్టంలో 1972 నాటి మహీంద్రా జీపు ఉంది. పెదనాన్న పోయిన 2007 నుంచి అది కదల్లేదు. 1986 వరదకు ఆయన దాన్ని ముందుగానే గుట్ట ఎక్కించారట. 2022 జూలైలో ఎక్కించేవాళ్లు లేక మునిగిపోయింది. నీళ్లు స్టీరింగు దాకా వచ్చినట్టు గోడ మీద మరక ఉంది. ఇప్పుడు పోలవరం ముంపు కింద పెద్దమ్మ వాళ్లు పునరావాస కాలనీకి మారుతున్నారు. అక్కడ జీపు పెట్టుకునే చోటు లేదు. పాత ఇనుము కొనే అతను 30 వేలు ఇస్తానన్నాడు. ఆమె మనవడు ఫోనులో ఏదో వీడియో చూసి, ఇలాంటి జీపు హైదరాబాదులో 6 లక్షలు పలికింది, 4 లక్షలకు తక్కువైతే ఇవ్వవద్దు అంటున్నాడు. 1988లో పెట్రోలు ఇంజను తీయించి డీజిల్ ఇంజను వేయించారు. ఆర్సీ ఉంది, ఖమ్మంలో రాసినది. అందులో ఇప్పటికీ పెట్రోలు అనే ఉంది. చిన్నప్పుడు ఆ జీపు వెనక బల్ల మీద కూర్చుని భద్రాచలం శ్రీరామనవమికి వెళ్లినవాణ్ని, వదులుకోవాలని లేదు. పెద్దమ్మకు అన్యాయం చేయాలనీ లేదు. ఎంత చెప్పమంటారు?

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది గోడ మీద మరక. జీపు ఫొటోలు పది పంపి ధర చెప్పమనేవాళ్లు చాలామంది ఉన్నారు. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో రాసినవారు మీరొక్కరే.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. అప్పుడు నేను రాజమండ్రిలో ఒక ప్రభుత్వ వర్క్‌షాపులో ఫిట్టరును. నీళ్లు తీశాక రెండు జీపులను లారీ మీద మా షెడ్డుకు తెచ్చారు. పైకి రెండూ ఒకలాగే బురదకొట్టుకుని ఉన్నాయి. మొదటిదాని వెనక హౌసింగు (వెనక ఇరుసు, దాని గేర్లు ఉండే ఇనుప డొల్ల) కింద డ్రెయిన్ బోల్టు విప్పితే నల్లటి ఆయిలు తీగలాగా జారింది. రెండోదాని బోల్టు విప్పగానే ముందు నీళ్లు ధారగా పడ్డాయి, తరువాత పాలు కలిపిన కాఫీ రంగులో ఒక చిక్కటి ద్రవం, ఆఖరున వేలితో రుద్దితే ముఖానికి రాసుకునే పౌడరులా మెత్తగా ఉన్న ఒండ్రు. ఆ పౌడరే బేరింగులను తినేస్తుంది. మొదటి జీపు వారంలో రోడ్డెక్కింది. రెండోదానికి క్రౌన్, పినియన్ అనే లోపలి గేర్లు, బేరింగులన్నీ మార్చాల్సి వచ్చింది. పైనుంచి చూసి ఎవరూ ఈ తేడా చెప్పలేరు.

కాబట్టి ధర మాట ఎత్తే ముందు పెద్దమ్మను అడిగి, ఒక ఆదివారం ఉదయం ఆ కొట్టంలో గడపండి. ఒక మెకానిక్కునూ, నాలుగు ఖాళీ పెరుగు డబ్బాలనూ తీసుకెళ్లండి. ముందు హౌసింగు, వెనక హౌసింగు, గేరు బాక్సు, ఇంజను. నాలుగింటి కింది బోల్టులూ విప్పి, ఒక్కోదాని నుంచి మొదట వచ్చే గ్లాసెడు ద్రవాన్ని ఒక్కో డబ్బాలో పట్టండి. నీళ్లు బరువు కనుక అడుగున చేరి ముందు అవే వస్తాయి. డబ్బాల మీద పేర్లు రాసి గంటసేపు కదపకుండా ఉంచండి. ఎంత నీరు, ఎంత ఒండ్రు అన్నది డబ్బాలోనే విడిపోయి కనబడుతుంది. ఆయిలు మాత్రమే వచ్చినవాటికి ఖర్చు తక్కువ. ఒండ్రు కూర్చున్న ప్రతి డబ్బాకూ నా లెక్కలో పది నుంచి పదిహేను వేలు పడుతుంది. ఇంజనుదైతే అంతకంటే ఎక్కువ. చూడటం అయ్యాక బోల్టులు మళ్లీ బిగించి, ఎంతో కొంత పాత ఆయిలైనా పోసి రండి. కొనకపోయినా ఆమె బండిని ఖాళీ కడుపుతో వదలకూడదు కదా.

తరువాత ఛాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం. పశువుల కొట్టంలో నేల తడి ఆరదు. మూత్రంలోని ఉప్పు ఇనుమును తినేస్తుంది. పశువులను కట్టేసిన వైపు ఏదో అడిగి, ఆ వైపు నుంచి మొదలుపెట్టండి. డ్రైవరు సీటు కింద పెట్రోలు ట్యాంకు కూర్చునే గుంట, వెనక అడ్డ బద్దె, కమాను కట్టలు తగిలించిన చోట్లు. వీటిని చిన్న సుత్తితో తట్టండి. గట్టి ఇనుము ఖణేల్‌మంటుంది. పుచ్చిన ఇనుము తడిసిన చెక్కలా మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవరుతో పొడవండి. ఫ్లోరు రేకులో దిగబడితే దిగులు పడకండి, రేకు మార్చవచ్చు. ఛాసిస్‌లో దిగబడితే మాత్రం ఆ జీపును జీపుగా లెక్కపెట్టకండి.

ఛాసిస్ వంకర పోయిందో లేదో చూసే పద్ధతి మీకు సులువు. నాలుగు కమాను బోల్టుల నుంచి నేల మీదికి గుండుతాడు వేలాడదీసి, సుద్దతో నాలుగు గుర్తులు పెట్టండి. మూలమూలకూ కొలవండి. దీర్ఘచతురస్రంలో కర్ణాలు సమానమని మీరే పిల్లలకు చెబుతారు. పావు అంగుళం తేడా అయితే ఫరవాలేదు. అర అంగుళం దాటితే ఆ బండి ఎప్పుడో ఎక్కడో గట్టిగా కొట్టుకుంది.

ముందు చక్రాలకు శక్తి తీసుకెళ్లే పొడవాటి కడ్డీ, అదే ప్రొపెల్లర్ షాఫ్టు, ఉందో లేదో వంగి చూడటం మరిచిపోవద్దు. అసలు గేరు రాడ్డు కాక పక్కన మరో రెండు చిన్న రాడ్లు ఉండాలి, ఒకటి ముందు చక్రాలకు శక్తి ఇచ్చేది, ఒకటి లో గేరుది. డీజిల్ ఇంజను వేయించిన కాలంలో చాలామంది ఆ ముందు షాఫ్టును అనవసరపు బరువని తీసి అటక మీద పడేశారు. కొందరు అమ్మేశారు. అది లేకపోతే గుట్ట ఎక్కే జీపు కాదు, పైన గుడ్డ కప్పిన నాలుగు చక్రాల బండి. ధరలో కనీసం 20 వేలు తగ్గుతుంది.

ఇక కాగితం. నా చేతులు కాలింది ఇక్కడే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. 1999లో నేను వేలంలో ఒక డీజిల్ జీపు కొన్నాను. బండి దివ్యంగా ఉంది. నాలుగు నెలలు ఆదివారాలన్నీ దాని కింద పడుకుని తయారుచేశాను. బ్రేక్ ఇన్‌స్పెక్టరు వచ్చి ఛాసిస్ నంబరు చూశాడు. ఆర్సీలో చివరి అంకె 3, ఇనుము మీద 8. రాసినవాడు తప్పు రాశాడో, బండే వేరో తేల్చడానికి మూడేళ్లు తిరిగాను. చివరికి తూకానికి అమ్మితే 18 వేలు వచ్చాయి. అందులో నా పని కూలి ఒక్క రూపాయి లేదు.

అందుకని వైరు బ్రష్షు, కిరసనాయిలు తీసుకుని ఛాసిస్ మీది నంబరు దగ్గర తుప్పు గీయండి. ఆరాక సుద్దముక్కతో రుద్దితే గుంటల్లో తెలుపు నిలిచి అంకెలు లేస్తాయి. పలుచటి కాగితం అంటించి పెన్సిలు అడ్డంగా రుద్దండి. ఆ ముద్రను ఆర్సీ పక్కన పెట్టి ఒక్కో అంకే చదవండి. 3, 8 మధ్య, 1, 7 మధ్య ప్రత్యేకంగా చూడండి. కలవకపోతే ఈ ఉత్తరం ఇక్కడితో మడిచేయండి.

కలిస్తే, ఖమ్మం వెళ్లి ఆ నంబరు రికార్డు ఉందేమో అడగండి. 2014లో మీ మండలం ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది, జీపు కాగితం మాత్రం అవతలే ఉండిపోయింది. 1972 నాటిది చేతిరాత రిజిస్టరులో ఉంటుంది, కంప్యూటరులోకి ఎక్కి ఉండకపోవచ్చు. ముందు దాన్ని ఎక్కించాలి. యజమాని పోయారు కనుక 31వ నంబరు ఫారంతో పెద్దమ్మ పేరుకు మారాలి. అది మూడు నెలల్లో జరగాల్సిన పని, ఆలస్యానికి రుసుము ఉంటుంది. కొడుకులు, కూతుళ్ల అంగీకారం కావాలి. తరువాత మీ పేరుకు, తరువాత నిరభ్యంతర పత్రంతో ఇవతలి రాష్ట్రానికి. సొంత వాహనాల రిజిస్ట్రేషను పదిహేనేళ్ల తరువాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. మీది ఎప్పుడో గడువు దాటి ఉంటుంది. పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000కు పెరిగింది, ఇంకా పాతవాటికి తరువాత మరింత పెంచారు. అసలు చిక్కు రుసుము కాదు. పొడిగించాలంటే బండి నడిచే స్థితిలో ఇన్‌స్పెక్టరు ముందు నిలబడాలి. అంటే మీరు లక్షలు ఖర్చుపెట్టి బాగుచేయించిన తరువాతే కాగితం వస్తుందో రాదో తేలుతుంది. ఈ భయానికి కూడా ధరలో చోటు ఉండాలి.

పైగా మీ ఆర్సీలో పెట్రోలు, బండిలో డీజిల్. ఆ మార్పు రాయించలేదు కాబట్టి ఇన్‌స్పెక్టరు అక్కడే ఆపుతాడు.

ఇక్కడ మిమ్మల్ని ఒక్క మాట అడుగుతాను. తీసేసిన ఆ పెట్రోలు ఇంజను ఏమైంది? నవ్వకండి. అప్పట్లో ఇంజను మార్పించినవాళ్లలో సగం మంది పాతదాన్ని అమ్మలేక ఇంటికే తెచ్చుకున్నారు. గాదె వెనకో, వడ్ల బస్తాల కిందో, మంచం కిందో ఇంకా ఉండవచ్చు. మీది ఎత్తు బానెటు జీపు. విల్లీస్ వాళ్లు 1953లో అమెరికాలో దించిన సీజే-3బీ నమూనానే మహీంద్రా ఇక్కడ దశాబ్దాల పాటు చేసింది. ఆ బానెటు ఎత్తుకు కారణమే ఆ ఇంజను. 2.2 లీటర్లు, నాలుగు సిలిండర్లు. గాలి లోపలికి పీల్చే వాల్వులు పైన హెడ్డులో, పొగ వదిలేవి కింద బ్లాకులో ఉంటాయి. అందుకే దానికి పైన ఒక మూత, పక్కన ఒక మూత. చూడగానే గుర్తుపట్టవచ్చు. దాని నంబరు ఆర్సీలోని ఇంజను నంబరుతో కలిస్తే, జామ్ అయి ఉన్నా సరే, ఈ వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన వస్తువు అదే. కాగితం చిక్కు దానితో సగం తీరుతుంది. మనవడు చూసిన వీడియోలోని జీపుకూ మీ జీపుకూ మధ్య ఉన్న దూరంలో సగం అదే తగ్గిస్తుంది.

మనవడిది పూర్తిగా తప్పు మాట కాదు. యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషను ఉంది, 20 వేలు కట్టి పదేళ్లకు తీసుకోవచ్చు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజను మారకుండా ఉండాలి. తీసుకున్నాక రోజూ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే బయటికి తీయాలి. మీరు బడికి వేసుకెళ్లాలనుకుంటే అది మీకు పనికిరాదు. 6 లక్షలన్నది తయారై, కాగితాలు సజీవంగా ఉండి, అసలు ఇంజనుతో మెరుస్తున్న జీపుకు అడిగిన ధర. అడిగిన ధరకూ చేతులు మారిన ధరకూ మధ్య ఎంత తేడా ఉంటుందో సంతలో ఎద్దులను కొన్నవాళ్లను అడగండి.

ఇప్పుడు తీసివేత. ఇవి నాకు తెలిసిన వర్క్‌షాపుల ధరలు. మీ వైపు కనుక్కుని మీ అంకెలు వేసుకోండి. డీజిల్ ఇంజనుతో, నడుస్తూ, కాగితాలు ఉన్న ఇలాంటి జీపు నిజంగా చేతులు మారేది 3,75,000 అనుకుందాం. ఇంజను లేతు పనితో సహా 65 వేలు. గేరు బాక్సు, రెండు హౌసింగులు 40. బ్రేకులు, స్టీరింగు 25. టింకరింగు, రంగు 80. ఐదు టైర్లు 30. వైరింగు, సెల్ఫు మోటారు, డైనమో, బ్యాటరీ 25. సీట్లు, పైన టాపు 20. లారీ కిరాయి, కాగితాలు 30. మొత్తం 3,15,000. పాత బండిలో ఒకటి విప్పితే రెండు బయటపడతాయి కనుక ఐదో వంతు, అంటే 63 వేలు కలపండి. 3,78,000 అయింది. 3,75,000 లోంచి తీసేస్తే మిగిలేది మైనస్ 3,000.

అంటే ఈ లెక్క ప్రకారం పెద్దమ్మే మీకు మూడు వేలు ఎదురిచ్చి జీపు అప్పగించాలి! ఈ లెక్కను ఆమె ముందు పెడితే కర్ర తీసుకుంటుంది. అదీ న్యాయమే, ఎందుకంటే ఇనుము వ్యాపారి 30 వేలు చేతిలో పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. టన్ను దగ్గర బరువున్న బండికి అది సరైన తూకం ధర. అతను మోసగాడు కాదు. కాని అతను తూకమే చూస్తాడు. గేరు బాక్సు, ముందు హౌసింగు, చక్రాలు, బానెటు విడివిడిగా అమ్మితే ఇంకో 20 వేలు వస్తాయి. కాబట్టి 50 వేలకు తక్కువ ఇస్తే మీరు పెద్దమ్మకు అన్యాయం చేసినట్టే. ఆ పైన ఇచ్చేదంతా శ్రీరామనవమి ప్రయాణానికి మీరు కట్టే టిక్కెట్టు. దాని ధర నేను చెప్పలేను. మాస్టారి జీతంలో ఇంట్లో గొడవ రాకుండా ఎంత తీయగలరో అంతే, అప్పు చేయకుండా.

ముక్కూమొహం తెలియని మనిషి దగ్గరైతే 40 దగ్గర మొదలుపెట్టమనేవాణ్ని. పెద్దమ్మ దగ్గర బేరం ఆడకండి. నంబరు కలిసి, ఛాసిస్ గట్టిగా ఉండి, ముందు షాఫ్టు ఉంటే, ఒకే మాటగా 75 వేలు చెప్పండి. జీపు తీసుకెళ్లే రోజు 50 చేతిలో పెట్టి, మిగతా 25 ఖమ్మంలో పేరు మారిన రోజు ఇస్తానని ఒక కాగితం మీద రాసి, కొడుకులతో కూడా సంతకం చేయించండి. అప్పుడు ఆ ఆఫీసుల చుట్టూ తిరగడానికి వాళ్లకూ ఉత్సాహం ఉంటుంది. తిరుగుడు ఖర్చులు మీవే. రికార్డు దొరకకపోతే ఆ 25 ఇవ్వనక్కరలేదని ముందే నోటితో చెప్పండి, రాతలోనూ పెట్టండి. అసలు ఇంజను దొరికితే ఇంకో పాతిక కలపండి, లక్ష అవుతుంది. ఆ పైకి వెళ్లవద్దు. మనవడు 4 లక్షల దగ్గరే నిలబడితే నమస్కారం పెట్టి వచ్చేయండి. కాలనీకి సామాను ఎక్కించే లారీ వచ్చేదాకా ఆగితే మళ్లీ మాట కలుస్తుంది.

ఇంకొకటి. పెరుగు డబ్బాలను ఆమె ముందు ఊపుతూ బండికి వంకలు పెట్టకండి. ఆ సీటులో కూర్చున్న మనిషి పోయారు, ఇప్పుడు ఇల్లూ పోతోంది. లెక్క కాగితం మనవడికి ఇవ్వండి, చదువుకున్నవాడు కదా, వాడే నానమ్మకు చెబుతాడు.

ప్రశ్న: సైన్యం వేలంలో వచ్చిన జోంగా ఒకటి వరంగల్ దగ్గర తోటలో పదేళ్లుగా ఉంది. జీపు కంటే పెద్దది కాబట్టి ఎక్కువ ఇవ్వవచ్చా?

జవాబు: పెద్దది కాబట్టి తక్కువ ఇవ్వాలి. జబల్‌పూర్ కర్మాగారంలో నిస్సాన్ కంపెనీ 'పాట్రోల్' నమూనా మీద తయారైన బండి అది. ఆరు సిలిండర్ల, నాలుగు లీటర్ల దగ్గరి పెట్రోలు ఇంజను. దాని దాహం తీర్చలేకే సగం జోంగాలు తోటల్లో ఆగిపోయాయి. విడిభాగాలు జీపువి దొరికినట్టు ప్రతి ఊళ్లో దొరకవు. మొదట అడగాల్సింది సైన్యం విడుదల కాగితం, ఆ తరువాత పౌర రిజిస్ట్రేషను జరిగిందా లేదా. రెండోది లేకపోతే తూకం ధర మీద ఐదు వేలు కలిపి ఆగండి.

ప్రశ్న: నర్సీపట్నంలో ఒకాయన తన పాత జీపు గురించి "బ్యాటరీ లేదు గాని, వేస్తే ఒక్క సెల్ఫుకు లేస్తుంది" అంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: బ్యాటరీ ఒక్కటే లోపమైతే ఈపాటికి ఆయనే ఎవరి దగ్గరో అరువు తెచ్చి స్టార్టు చేసి చూపించి ఉండేవారు. మీ బ్యాటరీ మీరు తీసుకెళ్లండి. తగిలించే ముందు ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండరులో రెండు చెంచాల ఆయిలు పోసి, ముందు నుంచి హ్యాండిల్ వేసి చేత్తో రెండు చుట్లు తిప్పండి. తిరగకపోతే బ్యాటరీని మళ్లీ డిక్కీలో పెట్టుకుని, ఇంజను లేని బండికి చెప్పే ధర చెప్పండి.